ఎంత పొద్దు, ఎంత కథ

కొత్త పుస్తకం చేతికి రాగానే కొందరు చివరి పేజీ తిప్పి చూస్తారు. కొందరు ముందుమాట ఎవరు రాశారో చూస్తారు. నేను మాత్రం ఓ పాతిక పేజీలు చదివాక ఆగి ఒక లెక్క చూసుకుంటాను: ఇంతసేపటికీ కథలో ఎంత పొద్దు గడిచింది? గంటా, ఏడాదా, ఓ తరమా? ఆ సంగతి రాసినాయనకు తెలుసా, లేక కలం ఎటు లాగితే అటు పోతున్నాడా? పాత్రల మీదా, ఇతివృత్తాల మీదా, సిద్ధాంతాల మీదా మనవాళ్ళు కావలసినంత రాశారు. కథలో కాలం నడిపే పనితనం గురించి రాసింది నా కంటికి తక్కువే కనబడింది. నా ఇష్టాయిష్టాలు చాలావరకు అక్కడే తేలిపోతాయి కాబట్టి ఇక చెప్పబోయేదంతా ఆ పక్షపాతంతో చెబుతున్నదే అనుకోండి.

గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చింది. రాత్రి ఒంటిగంటప్పుడు గోపాలరావు ఇంటికి వచ్చి తలుపు దగ్గర నిలబడతాడు. గదిలో భార్య కమలిని కనబడదు. నౌకరు రాముణ్ణి లేపుతాడు, కోపం పట్టలేక చెయ్యి చేసుకుంటాడు, భార్య రాసిన ఉత్తరం దొరుకుతుంది, చదువుతాడు, బెంబేలెత్తుతాడు. అంతా కలిపి పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. కాస్త నిదానంగా చదివేవాళ్ళకు కథ చదవడానికీ ఇంచుమించు అంతే పడుతుంది. లోపలి గడియారం, మన గోడమీది గడియారం ఒకే నడక నడుస్తాయి. గోపాలరావు గుండెదడ మనకూ అంటుకునేది అందువల్లే.

మరి వెనకటి సంగతులు? మొగుడు రాత్రిళ్ళు ఎక్కడికి పోతున్నాడు, సంస్కరణ సభల్లో ఏం మాట్లాడుతున్నాడు, సానిపాట మోజు ఎక్కడిదాకా వచ్చింది, ఇదంతా ఎక్కడో ఒకచోట చెప్పాలి కదా. మామూలు రచయిత అయితే కథ ఆపి ‘కొన్నాళ్ళ కిందట’ అంటూ ఒక పేరా పెట్టేవాడు. గురజాడ గతాన్నంతా ఉత్తరంలోకి నెట్టేశారు. ఉత్తరం చదవడం ఆ గదిలో అప్పుడు జరుగుతున్న పనే కనుక, గతం చెబుతున్నంతసేపూ కథ నడుస్తూనే ఉంటుంది. మధ్యలో రాముడు అడ్డం వస్తాడు, అయ్యగారు కసురుకుంటాడు, మళ్ళీ ఉత్తరం. రాముడి మాటలు ఒకటి రెండుచోట్ల కేవలం నవ్వించడానికే పెట్టినట్టున్నాయని నా ఫిర్యాదు. నాటకం రాసిన చెయ్యి ఊరుకోదు మరి.

అసలు పనితనం రెండోసారి చదివినప్పుడు బయటపడుతుంది. కమలిని మంచం కిందే ఉంది. గాజుల చప్పుడు, నవ్వు వినబడేదాకా ఆ సంగతి మనకు తెలియదు. తెలిశాక మళ్ళీ మొదటినుంచి చదివితే ప్రతి మాటకూ ఒక శ్రోత ఏర్పడుతుంది. ఆయన కోపం, ఆయన భయం, తనను తాను తిట్టుకోవడం, నౌకరుతో రాజీకి రావడం అన్నీ ఆవిడ ఊపిరి బిగబట్టి వింటోంది. మొదటి చదువులో ఆ ఇరవై నిమిషాలూ గోపాలరావువి. రెండో చదువులో అవే నిమిషాలు కమలినివి. ఒక్క అక్షరం మార్చకుండా ఒకే రాత్రిని ఇద్దరికి రాసిచ్చారు గురజాడ. తెలుగులో ఆధునిక కథ పుట్టిన కొత్తలోనే ఇంత పకడ్బందీగా కట్టిన కథ ఉంటే, ఆ తర్వాత వచ్చిన వేల కథల్లో ఎన్నింటికి ఈ కట్టుబాటు ఉందో వెతుక్కోవలసి వస్తుంది.

శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రిగారిది మరో దారి. ఆయన కథల్లో వర్ణన తక్కువ, మాటలు ఎక్కువ. ‘అన్నాడు’, ‘అంది’ లాంటివి కూడా తీసిపారేసి, పిలుపును బట్టీ మాటతీరును బట్టీ ఎవరు మాట్లాడుతున్నారో మనల్నే పోల్చుకోమంటారు. సంభాషణకు ఒక సుగుణం ఉంది: దాన్ని సాగదీయలేం, కుదించలేం. మనిషి ఆ మాట అనడానికి ఎంతసేపు పడుతుందో కథలో అంతసేపే గడుస్తుంది. ‘అరికాళ్ళకింద మంటలు’లో శాస్త్రిగారు ఈ సుగుణాన్నే ఆయుధం చేసుకున్నారు. రుక్మిణి బాల్యవితంతువు, పుట్టింట్లో పడి ఉంది. తెల్లవారిన దగ్గర్నుంచి ఇంటిల్లిపాదీ ఆమెకే పనులు చెబుతారు. ఒకరు చెప్పిన పని చేతిలో ఉండగానే రెండోవారి కేక, దాని వెనకే మూడోవారి దెప్పు. ఈ కేకకూ ఆ కేకకూ మధ్య రచయిత ఒక్క వాక్యం ఖాళీ వదలరు. ఆమె అలిసిపోయిందని ఎక్కడా రాయరు, రాయవలసిన పనిలేదు. చదివే మనకే నడుం వాల్చాలనిపిస్తుంది.

రాత్రి జట్కా సన్నివేశం దగ్గరికి వచ్చేసరికి ఈ ఒత్తిడి సడలుతుంది. పగలంతా ఆమెతో మాట్లాడినవాళ్ళు ఆజ్ఞలే ఇచ్చారు. జట్కావాడు జవాబు కోసం ఆగుతాడు. ఆ ఆగడంలోనే మర్యాద ఉంది. రుక్మిణి వీరేశలింగం పంతులుగారి తోటకు వెళ్ళిపోవడం సంస్కరణ కథగా అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవలసిందే. నాకు మాత్రం అంతకంటే, ఇరుకు పగటినుంచి విశాలమైన రాత్రిలోకి కథ నడక మారిన తీరు గుర్తుండిపోయింది. ఆ పగలు అంత ఊపిరాడకుండా లేకపోతే ఆమె గడప దాటడం మనకు ఇంత సహజంగా తోచేది కాదు.

‘వడ్లగింజలు’లో శాస్త్రిగారు పూర్తిగా తిరగేసి ఆడారు. తంగిరాల శంకరప్ప చదరంగం ఆటగాడు, పెద్దాపురం ప్రభువుతో ఆడాలని వస్తాడు. ఆట ఎంతసేపు? కథలో చివరి భాగం. మిగతాదంతా ఆటదాకా చేరడమే. దివాణం వాకిలి, అడ్డుపడే ఉద్యోగులు, తిండికి తిప్పలు, వసతికి తిప్పలు. కొందరికి ఈ భాగం మరీ పొడుగనిపిస్తుంది. నాకూ ఒకటి రెండు పేజీలు అలాగే అనిపించాయి. కానీ శంకరప్ప కోరిన బహుమానం చూడండి. మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు. మొదట్లో ఎంత అల్పమో! అరవై నాలుగో గడికి వచ్చేసరికి మొత్తం గింజల లెక్క ఇరవై అంకెల సంఖ్య. తాపీగా మొదలై ఒక దశ దాటాక ఎవరి చేతికీ అందని వేగం అందుకునే లెక్క అది. కథ నడక కూడా సరిగ్గా అంతే. శాస్త్రిగారు కావాలని అలా చేశారని నేను నిరూపించలేను. నమ్ముతాను అంతే.

చిన్నకథకు పావుగంటో పగలో సరిపోతుంది. నవలకు ఏళ్ళు కావాలి, చిక్కంతా అక్కడే. ఏళ్ళు గడిచినట్టు చూపడమెలా? ‘రోజులు దొర్లిపోయాయి’ అన్న వాక్యం తెలుగు నవలల్లో ఎన్నిసార్లు వచ్చిందో ఎవరైనా లెక్కపెడితే భయపడతాం. ఆ వాక్యం అవసరం లేకుండా రెండు దశాబ్దాలు నడిపించిన పుస్తకం కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’. సుందరం అక్షరాభ్యాసంతో మొదలై మొదటి ప్రపంచయుద్ధం, సహాయ నిరాకరణ, 1930ల ఆర్థిక మాంద్యం మీదుగా సాగుతుంది. చరిత్ర నవల అని ఎవరూ అనరు. సుందరం పసివాడుగా ఉన్నప్పుడు యుద్ధమంటే పెద్దవాళ్ళు అరుగుమీద మాట్లాడుకునే ఏదో దూరపు సంగతి. కొన్నేళ్ళకు అదే లోకం ధరలుగా, ఉద్యమంగా, దొరకని ఉద్యోగంగా ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. లోకం ఎంత మారిందో చెప్పడం కన్నా, ఆ లోకంలో కుర్రవాడి కంటికి ఏం ఆనుతోందో చెప్పడం మీదే రచయిత దృష్టి ఉంది. పిల్లవాడి కన్ను ఎదుగుతున్న కొద్దీ పుస్తకంలోకి మనుషులు, డబ్బు, అప్పు, పరువు ఒక్కొక్కటే ప్రవేశిస్తాయి. ఎన్నేళ్ళు గడిచాయో మనం వాటిని బట్టి పోల్చుకుంటాం.

ఈ పుస్తకంలో తడి లేదంటారు నా మిత్రులు కొందరు. చావులు కూడా జమాఖర్చు రాసినట్టు రాశారంటారు. ఆ మాటలో కొంత నిజముంది. కుటుంబరావు గొంతు పెంచరు, కన్నీళ్ళకు తావివ్వరు. కానీ ఒక మధ్యతరగతి ఇంట్లో పెద్ద దెబ్బలు నిజంగా ఎలా తగులుతాయి? అదే వారంలో జీతం కట్టాలి, పరీక్ష రాయాలి, చుట్టాలకు వండిపెట్టాలి. దుఃఖానికి విడిగా ఒక అధ్యాయం కేటాయించే తీరిక ఎవరికీ ఉండదు. కుటుంబరావు దానికి అంత తీరికే ఇచ్చారు. ఇరవై ఏళ్ళ వయసులో చదివినప్పుడు చప్పగా తోచిన పుస్తకం, సొంత సంసారం ఏర్పడ్డాక చదివితే ఒళ్ళు జలదరించింది.

దీనికి పూర్తిగా ఎదురుకొసన ‘వేయిపడగలు’ ఉంటుంది. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీ కోసం విశ్వనాథ సత్యనారాయణ చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాసుకున్నారు, 29 రోజుల్లో పూర్తయింది. అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి బహుమతి పంచుకుంది. నోటితో చెప్పిన నవల అన్న సంగతి గుర్తుపెట్టుకుంటేనే దాని కాలం మనకు లొంగుతుంది. సుబ్బన్నపేట పుట్టుక, కోట, గుడి, పాము అన్నీ పురాణం చెప్పేవాడి కాలంలో ఉన్నాయి. అక్కడ నిన్న అంటే నూరేళ్ళ కిందట కావచ్చు. పసిరిక వచ్చే పేజీలు నాకు ప్రాణం. ఆ పిల్లవాడికి గడియారంతో నిమిత్తం లేదు, పైరుతోనూ గాలితోనూ బతుకుతాడు, వచనం కూడా వాడితోపాటు గాలిలో తేలుతుంది. కథానాయకుడు ధర్మారావు ఉపన్యాసానికి దిగగానే నాకు కుర్చీ గుచ్చుకుంటుంది. అక్కడ పురాణ కాలమూ లేదు, మనుషుల కాలమూ లేదు, ఉన్నది వాదన ఒక్కటే. వాదన వినేటప్పుడు ఎవరైనా గడియారం వైపు చూస్తారు. ఇంత చెప్పినా, తెలుగు నేర్చుకుంటున్న పిల్లలు ఏ పెద్ద పుస్తకం చదవాలని అడిగితే దీన్ని తప్పించలేను.

బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ మీద నా అభిప్రాయం చెబితే చాలామందికి నచ్చదు. కథానాయకుడు దయానిధి ఆలోచనల్లో కాలం నిలిచిపోతుంది, అది రచయిత కోరుకున్నదే. కానీ నిలిచినచోట మనిషి కనబడాలి, నాకు వాక్యాలు కనబడతాయి. అందమైన వాక్యాలే, కాదనను.

పత్రికల సీరియల్ నవలను చిన్నచూపు చూసేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆ రోజుల్లో వారం వారం, నెల నెల పాఠకుణ్ణి నిలబెట్టడం ఒక చేతిపని, అది అందరికీ పట్టుబడలేదు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో జయంతి, రాజశేఖరం ఒకరికొకరు ఇష్టమని పాఠకులకు ఎప్పుడో తెలుసు. వాళ్ళిద్దరే ఒప్పుకోరు. మనకు తెలిసినదాన్ని పాత్రలు తెలుసుకోవడానికి పట్టే ఆలస్యమే ఆ నవలంతా. ఆ ఆలస్యాన్ని విసుగు రాకుండా సాగదీయడం తేలికనుకునేవాళ్ళు ఓసారి ప్రయత్నించి చూడవచ్చు. డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ కూడా 1950ల చివర ‘తెలుగు స్వతంత్ర’లో ధారావాహికగా వచ్చిందే. అందులో ఇందిర దేనికోసమూ ఆగదు. కావలసింది అడుగుతుంది, దొరక్కపోతే ఇంకో తలుపు తడుతుంది. ఆమె ఉన్న సన్నివేశాలన్నీ మాటల మధ్యలో మొదలై మాట తెగ్గొట్టినట్టు ముగుస్తాయి. కల్యాణి ఉన్నచోట వాక్యం నెమ్మదిస్తుంది. ఇద్దరమ్మాయిల స్వభావాలు వర్ణించి చెప్పకుండా ఇద్దరికీ రెండు వేగాలు ఇచ్చి ఊరుకున్నారు శ్రీదేవి. 1961లోనే, చిన్న వయసులోనే ఆవిడ పోయారు. ఇంకో నవల రాసి ఉంటే అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా కష్టంగా ఉంటుంది.

భయం కాలాన్ని ఏం చేస్తుందో చూపించింది రావిశాస్త్రి ‘అల్పజీవి’. సుబ్బయ్య గుమాస్తా, పిరికివాడు, కాంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు తీసుకుని ఇరుక్కుంటాడు. గవరయ్య నిజంగా చేసేది తక్కువ, సుబ్బయ్య ఊహించుకునేది ఎక్కువ. వీధిలో నాలుగడుగులు వేసే లోపల సుబ్బయ్య మనసు చావుదాకా వెళ్ళి తిరిగివస్తుంది. చైతన్య స్రవంతి పద్ధతి అని పాఠాల్లో చెబుతారు. పేరు ఏదైనా, నాకు ముచ్చటేసేది ఆ ఊహలకు రావిశాస్త్రి వాడిన భాష. పండితుడి మనసులోంచి వచ్చే మాటలు కావవి, ఆఫీసులో చీవాట్లు తిని ఇంట్లో భార్య ముందు చిన్నబోయే మనిషి తనలో తాను గొణుక్కునే మాటలు. అదే పోలిక పదే పదే రావడం కొంతమందికి చాదస్తంగా తోచవచ్చు. భయపడ్డవాడి మనసు తిరిగిన చోటే తిరుగుతుంది కాబట్టి నాకు సబబుగానే ఉంది. తరవాతి రోజుల్లో ఆయన ఉపమానాల మీద ఉపమానాలు గుప్పించారు, అవంటే చెవి కోసుకునేవాళ్ళున్నారు. నా ఓటు ఈ తొలి నవలకే.

చాసో దగ్గర ఇంకో విద్య ఉంది, తగ్గించడం. ‘వాయులీనం’ కథ నాలుగు నిమిషాల్లో చదివేయవచ్చు. అందులో రాజ్యం అనే ఆడపిల్ల సంగీతం నేర్చుకోవడం, పెళ్ళి, పిల్లలు, సంసారంలో వాయులీనం మూలపడటం, జబ్బు చేయడం, భర్త దాన్ని అమ్మి వైద్యం చేయించి, మిగిలిన డబ్బుతో ఆమెకు చీర తేవడం ఇమిడి ఉన్నాయి. ఇంత కాలాన్ని అంత చోట్లో పెట్టాలంటే ఏది వదిలెయ్యాలో తెలియాలి. చాసో సంగీతాన్ని వదిలేశారు. రాజ్యం ఏ రాగం ఎంత బాగా వాయించేదో పేజీలకు పేజీలు రాయడానికి ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. ఆయన ఆ వాద్యాన్ని ఇంట్లో ఒక వస్తువుగానే ఉంచారు. వస్తువు గనకే అమ్ముడుపోయింది. భర్త దుర్మార్గుడు కాడు, ప్రేమతోనే అమ్మాడు, ప్రేమతోనే చీర తెచ్చాడు. మంచితనం ఎంత నష్టం చేయగలదో ఇంత పొదుపుగా చెప్పిన కథ నేను మరొకటి చదవలేదు. ‘ఎంపు’ కూడా అంతే. ముష్టివాడైన తండ్రి కూతురికి మొగుణ్ణి ఎంచేటప్పుడు వేసిన లెక్కలు విన్నాక, ఏ పెళ్ళిపందిరిలోనైనా కట్నకానుకల మాటలు చెవిన పడితే మళ్ళీ ఆ ముసలివాడే గుర్తొస్తాడు.

ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’లో కాలమే లేదు. 1956లో ఆంధ్రపత్రిక వారపత్రికలో మొదలైన నాటికి వాడి వయసెంతో, బాపు బొమ్మల్లో ఇప్పటికీ అంతే. పిల్లవాడికి నిన్న, రేపు పట్టవు కాబట్టి ఒక సంగతిలోంచి ఇంకో సంగతిలోకి దూకేస్తాడు. ఆ దూకుడు గాలివాటంగా కనబడుతుంది కానీ ప్రతి గెంతూ పెద్దవాళ్ళ బండారం బయటపెట్టేచోటే వాలుతుంది. దీని మీద ఎక్కువ రాస్తే బుడుగు నన్నూ ప్రెవేటు మాస్టార్ల జాబితాలో చేర్చేస్తాడు.

ఇక డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. పొద్దు వాలేవేళ మొదలై మర్నాటి తెల్లవారుతో సరి. పందులు మేపుకునే ముసలివాడికి సాయంత్రం ఒక పంది ఇంటికి రాలేదని తెలుస్తుంది. అది నిండుచూలు. బల్లెం తీసుకుని అడవిలోకి వెళతాడు. అది ఈని ఉంటుంది. ఈనిన పంది యజమానినైనా దగ్గరికి రానివ్వదు. తనదే అయిన జంతువును కాపాడటానికి వెళ్ళినవాడు ఆ జంతువుకే భయపడి దూరాన కూర్చోవాలి. ఇంతలో నక్కలు వాసన పడతాయి. తర్వాత ఏమైందో చదవనివాళ్ళ కోసం చెప్పను.

ఒక ముసలివాడు, ఒక పంది, ఒక రాత్రి, వీటితో నవల నిలబెట్టాలంటే కథకుడికి పని తెలిసి ఉండాలి. కేశవరెడ్డికి తెలుసు. పంది ఎక్కడ ఈనడానికి చోటు వెతుక్కుంటుంది, దాన్ని ఎంత దూరం నుంచి చూడాలి, ఎప్పుడు కదలకూడదు, బల్లెం ఏ చేత్తో పట్టాలి, ఇలా ప్రతి చిన్న పనీ వరసగా, ఒకదాని తరవాత ఒకటి చెబుతారు. పని ఎంతసేపు పడితే వాక్యాలు అన్ని పడతాయి. ఊరికే కూర్చోవలసి వచ్చినప్పుడు ముసలివాడితోపాటు మనమూ కూర్చుంటాం. మాండలికం జోలికి పోకుండా కాస్త గంభీరమైన వచనంలో రాశారు. చిత్తూరు జిల్లా మనిషి ఆ యాస వాడలేదేమని మొదట నాకు అనుమానం వచ్చింది. తీరా చూస్తే ఆ రాత్రంతా ముసలివాడు ఎవరితోనూ మాట్లాడేది లేదు. మనిషి నోట పలకని మాటలకు రచయిత తన గొంతు ఇచ్చారు.

హెమింగ్వే ‘ముసలివాడూ సముద్రం’తో పోల్చడం అందరికీ అలవాటైపోయింది. పోలిక పైపైదే. అక్కడ చేప పరాయిది, దాన్ని గెలవాలి. ఇక్కడ పంది తన ఇంటిదే, దాన్ని నమ్మించాలి, రాత్రి గడుస్తున్నకొద్దీ ఆ దారి మూసుకుపోతుంది. నాకు నచ్చనిది ఒకటుంది. ముసలివాడు అప్పుడప్పుడూ చావుబతుకుల మీద చేసే ఆలోచనల్లో పుస్తకాలు చదివిన మనిషి తొంగిచూస్తాడు. మళ్ళీ చదివేటప్పుడు ఆ చోట్లు కాస్త తొందరగా దాటుతాను. నక్కల గుంపు చుట్టూ చేరే దగ్గరికి వచ్చాక మాత్రం ఆయన ఒక్క వాక్యం కూడా దాటనివ్వరు.